ఇనిషియల్లో దాక్కున్న వెంకన్న



కొన్ని పేర్లు చెప్తాను, వినండి. పి.వి. నరసింహారావు. ఎస్.వి. రంగారావు. కె.వి. రెడ్డి. సి.వి. రామన్. వి.వి.ఎస్. లక్ష్మణ్. మొదటాయన ప్రధానమంత్రి. రెండో ఆయన అంటే మనకు ఘటోత్కచుడే. మూడో ఆయన ఆ ఘటోత్కచుణ్ణి మనకు చూపించిన మాయాబజార్ దర్శకుడు. నాలుగో ఆయన నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త. ఐదో ఆయన సంగతి క్రికెట్ చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఒకరికొకరు సంబంధం లేని మనుషులు. కానీ అందరి పేర్లలోనూ ఒక అక్షరం ఉంది. 'వి'. దాన్ని విప్పి చూడండి. పాములపర్తి వెంకట నరసింహారావు. సామర్ల వెంకట రంగారావు. కదిరి వెంకట రెడ్డి. చంద్రశేఖర వెంకట రామన్. వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్. అందరిలోనూ వెంకన్న ఉన్నాడు.

లక్ష్మణ్‌కి రెండు 'వి'లు. మొదటిది ఇంటిపేరు. రెండోది మన వెంకట. అభిమానులు ఆ మూడు అక్షరాలకు వెరీ వెరీ స్పెషల్ అని అర్థం చెప్పుకున్నారు. అది అభిమానం. ఇంట్లోవాళ్లు పెట్టింది మాత్రం వెంకట సాయి.

తెలుగునాట మగపిల్లలకు పెట్టే పేర్లలో ఇంతగా పాకిన పేరు ఇంకోటి ఉందా? రాముడి పేరు ఒక్కటే దీనికి పోటీ వస్తుందని నా లెక్క. ఇవాళ ఈ వెంకట గురించి మాట్లాడుకుందాం. ఎక్కడ పుట్టింది? ఎలా పాకింది? అంత పెద్ద పేరు ఒక పొట్టి అక్షరంలోకి ఎలా దూరింది? వీటితో పాటు మీ ఇంటికి పనికొచ్చే సంగతి కూడా ఒకటి ఉంది. అది ఇప్పుడే చెప్పేస్తాను, మళ్లీ కూడా చెప్తాను. మీ పేరులో 'వి' ఉంటే దాన్ని విప్పి రాయండి. అన్ని కాగితాల్లోనూ ఒకేలా రాయండి. అంతే.

ముందు పుట్టుక సంగతి.

మనం పిల్లలకు దేవుడి పేరు పెడతాం. ఆ దేవుడికేమో కొండను బట్టి పేరు వచ్చింది. వేంకటం అనేది కొండ. ఆ కొండకు ఈశ్వరుడు కాబట్టి వేంకటేశ్వరుడు. ఆ కొండకు పతి కాబట్టి వేంకటపతి. కొండ ముందు, దేవుడి పేరు తర్వాత, మన పేరు ఆ తర్వాత. మనవాళ్లలో కొందరికైతే దేవుడి మాటే లేకుండా అచ్చంగా కొండ పేరే ఉంటుంది. వెంకటాద్రి. వెంకటాచలం. అద్రి అన్నా కొండే, అచలం అన్నా కొండే. వెంకటాచలం గారూ అని పిలిచిన ప్రతిసారీ మీరు కొండను పిలుస్తున్నట్టే. ఆయన పలుకుతాడు, అది వేరే విషయం.

ఈ కొండ పేరు చాలా పాతది. తమిళంలో తొల్కాప్పియం అని అతి ప్రాచీనమైన వ్యాకరణం ఉంది. దాని పీఠికలో తమిళం మాట్లాడే నేలకు ఎల్లలు చెప్పారు. దక్షిణాన కుమరి. ఉత్తరాన వేంగడం. ఆ వేంగడమే మన వేంకటం. అంటే ఆనాడే ఆ కొండ భాషకు పొలిమేర. పొలిమేరలో ఉన్న దేవుడికి రెండువైపులా భక్తులుంటారు. పేరు కూడా రెండువైపులా దిగింది. ఇటు తెలుగులో వెంకటేశ్వర్లు అయితే, అటు తమిళంలో వెంకటేశన్. పడమటి వైపు కన్నడంలో వెంకటేశ, వెంకటప్ప.

పురాణం చెప్పేవాళ్లు ఇంకో అర్థం చెప్తారు. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చేది, పాపాలను కాల్చే కొండ కాబట్టి వేంకటం అని. భక్తికి అది చాలు. పేరు వయసు కావాలంటే మాత్రం తమిళుల వేంగడం దగ్గరికే వెళ్లాలి. ఆ వేంగడం తెలుగులోకి వచ్చి వేంగళం కూడా అయింది. అన్నమయ్య మనవణ్ణి చిన్నన్న అంటాం చూడండి, ఆయన అసలు పేరు తాళ్లపాక చిన తిరువేంగళనాథుడు. మనలో ఇప్పటికీ వెంగయ్యలున్నారు, వెంగమ్మలున్నారు. వేంకటాచల మహాత్మ్యం రాసిన కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరులో ఉన్నదీ ఆ కొండే.

ఇక పేరు పాకడం సంగతి. దేవుడికి భక్తులుండటం ఒక ఎత్తు. ఆ దేవుడి పేరు ఊరూరా పిల్లలకు పెట్టుకోవడం ఇంకో ఎత్తు. దానికి పెద్దింటివాళ్లు ముందు పెట్టుకోవాలి. ఇప్పుడూ అంతే కదా. సినిమా హీరో కొడుక్కి ఓ పేరు పెడతారు. ఏడాది తిరక్కుండా మన వీధి అంగన్‌వాడీలో అదే పేరున్న పిల్లలు ఇద్దరు కనబడతారు. ఆ రోజుల్లో ఆ పని రాజులు చేశారు.

విజయనగర రాజులకు మొదట హంపి విరూపాక్షుడే దైవం. శాసనాల చివర సంతకంగా శ్రీ విరూపాక్ష అని ఉండేది. తర్వాత్తర్వాత మనసు తిరుమల వైపు తిరిగింది. కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు తిరుమల వచ్చాడు. ఆ తర్వాత ఆ ఇళ్లలో పేర్లు వినండి. రాయల తమ్ముడు అచ్యుతరాయల కొడుకు వెంకటరాయలు. రాయల అల్లుడు అళియ రామరాయలకు ఇద్దరు తమ్ముళ్లు. ఒకరు తిరుమల, ఇంకొకరు వెంకటాద్రి. 1565లో తళ్లికోట యుద్ధానికి వెళ్లిన అన్నదమ్ములు వీళ్లే. ఆ తిరుమలరాయల కొడుకు వెంకటపతి రాయలు. ఈయన 1586 నుంచి 1614 దాకా ఏలాడు. రాజధానిని చంద్రగిరికి తెచ్చుకున్నాడు. అది కొండకు కూతవేటు దూరం. ఈయన కాలానికి శాసనాల చివర విరూపాక్షుడి చోట వేంకటేశుడు వచ్చేశాడు. రాజు సంతకమే మారిపోయింది.

ఇక్కడ మీకు ఒక తమాషా చెప్పాలి. 1639లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు సముద్రం ఒడ్డున కోట కట్టుకోవడానికి చోటు అడిగారు. ఇచ్చినాయన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైన ఉన్న రాజు పేరు? వెంకటపతి రాయలు. చంద్రగిరి వెంకటపతి కాదు, ఆ వంశంలోనే తర్వాత వచ్చిన ఇంకో వెంకటపతి. అంటే చెన్నపట్నం పుట్టుక వెనక ఇద్దరు వెంకన్నలున్నారు. ఇంకో నూటయాభై ఏళ్లు గడిచేసరికి కృష్ణా తీరంలో అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఆయన కట్టించిన గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

రాజుల సంగతి సరే. మన ఇళ్లలోకి ఎలా వచ్చింది?

మొక్కు దారిన వచ్చింది. పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా పిల్లలు లేరు. ఇంటి పెద్దావిడ పసుపు గుడ్డలో ఓ రూపాయి బిళ్ల కట్టి దేవుడి గూట్లో పెట్టింది. ముడుపు కట్టింది. మగపిల్లాడు పుడితే నీ పేరు పెట్టుకుంటాం, నీ కొండకొచ్చి తలనీలాలిస్తాం అంది. పిల్లాడు పుట్టాడు. ఇంక పేరు గురించి ఆలోచించేదేముంది? శనివారం పుట్టినా ఆయన పేరే, ఎందుకంటే శనివారం ఆయన వారం. కొన్ని ఇళ్లలో ఇవేవీ అక్కర్లేదు. ఇంటి ఇలవేల్పే వెంకన్న. ఆ ఇంట్లో నలుగురు మగపిల్లలుంటే నలుగురికీ ముందు వెంకట తగిలిస్తారు. వెంకట సుబ్బారావు, వెంకట రామారావు, వెంకట కృష్ణారావు, వెంకట నారాయణ. ఇప్పుడు అర్థమైందా ఇన్ని 'వి'లు ఎక్కణ్ణుంచి వచ్చాయో?

తాత దారిన కూడా వచ్చింది. పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం మన దగ్గర పాత అలవాటు. తాత వెంకటేశ్వర్లు, మనవడు వెంకటేశ్వర్లు. కానీ ఇక్కడో చిక్కుంది. కోడలు మామగారి పేరు పలక్కూడదు. కొడుకును పిలవాలంటే మామగారిని పేరు పెట్టి పిలిచినట్టే. కోపమొస్తే తిట్టడం అసలే కుదరదు. అందుకని పిల్లాడు బాబు అయ్యాడు, బుజ్జి అయ్యాడు, చిన్నోడు అయ్యాడు. బళ్లో మాస్టారు హాజరు పిలుస్తూ వెంకటేశ్వర్లూ అంటే, వాడు పక్కవాడి వంక చూసేవాడు. అది తన పేరని వాడికి తెలిస్తే కదా! పెట్టిన పేరు కాగితం మీద, పిలిచే పేరు నోటి మీద. ఈ రెండూ వేరైపోవడం అలా మొదలైంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు పేరు ఊరూరా ఎన్ని వేషాలు వేసిందో చూద్దాం. పిండి ఒకటే. పోస్తే దోసె, ఆవిరి పెడితే ఇడ్లీ, గుంటల్లో వేస్తే పొంగడం. వెంకట కూడా అంతే. కోస్తాలో వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకట్రావు. గోదావరి పక్క వెంకటరాజు. రాయలసీమకు వెళ్తే వెంకట్రమణ, వెంకటరాముడు, వెంకటసుబ్బయ్య. తెలంగాణలో వెంకటయ్య, వెంకటేశం, వెంకటి, వెంకటస్వామి, వెంకట నర్సయ్య. శ్రీకాకుళం వైపు ఎంకన్న, ఎంకునాయుడు. రెడ్డిగారైతే వెంకటరెడ్డి, శాస్త్రిగారైతే వెంకటశాస్త్రి, చౌదరిగారైతే వెంకట చౌదరి. ఏ కులానికీ ఈ పేరు సొంతం కాలేదు. ఏ కులమూ దీన్ని వద్దనలేదు. నాకు ఈ పేరులో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

దేవుడి గడప దగ్గరా అలాంటిదే ఒకటి ఉంది. కడప ఊరిని ఆనుకుని దేవుని కడప అని వెంకన్న గుడి. తిరుమల యాత్రకు తొలి గడప అంటారు. ఉగాది రోజు అక్కడి ముస్లింలు ఆ గుడికి వచ్చి కొబ్బరికాయలు కొడతారు. తమ ఆడపిల్ల బీబీ నాంచారమ్మను వెంకన్న పెళ్లాడాడు కాబట్టి ఆయన తమకు అల్లుడి వరస అంటారు. అల్లుడు ఇంటికొచ్చినట్టు చూస్తారు.

ఇంకో వేషం. వెంకట అనే మాటే లేకుండా వెంకన్న పేరు. ఏడుకొండలు, కొండలరావు, గోవిందు, తిరుపతి, తిరుపతయ్య, శేషాద్రి, బాలాజీ. ఏడు కొండల్లో కొన్ని మనుషుల పేర్లయ్యాయి. రైళ్లను కూడా వదల్లేదు. తిరుపతి వెళ్లే బళ్లకు వెంకటాద్రి, నారాయణాద్రి అని పేర్లు పెట్టుకున్నాం.

జంటకవులు తిరుపతి వేంకట కవుల పేరు ఎప్పుడైనా విడదీసి చూశారా? అది ఒక మనిషి పేరు కాదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి ఒకరు, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి ఒకరు. ఇద్దరూ విడివిడిగా వెంకన్న పేరు పెట్టుకున్నవాళ్లే. పక్కపక్కన నిలబడేసరికి ఇద్దరి పేర్లూ కలిసి తిరుపతి వేంకటేశ్వరుడే అయ్యాడు. ఆ జంట తెలుగుదేశమంతా అవధానాలు చేసి తిరిగింది.

మరి ఈ పేరుకు మంచి ఊపు ఎప్పుడు వచ్చింది?

ఒకప్పుడు తిరుమల వెళ్లడం అంటే మాటలు కాదు. అడవి దారి. కాలినడకన మెట్లెక్కాలి. ఎక్కలేనివాళ్లు డోలీలో. మొక్కు ఉన్నవాళ్లు జీవితంలో ఒకసారి వెళ్తే గొప్ప. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలన మొదలైంది. అంతకుముందు తొంభై ఏళ్లు, 1843 నుంచి, హథీరాం మఠం మహంతులు గుడి వ్యవహారం చూశారు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. బస్సు కొండెక్కింది. ఇంకేముంది, ఏటా వెళ్లొచ్చు. పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చు. 1974లో రెండో రోడ్డు వచ్చింది. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. బస్సులు పెరిగిన కొద్దీ మొక్కులు పెరిగాయి. మొక్కులు పెరిగిన కొద్దీ పేర్లు పెరిగాయి.

సినిమా కూడా తన వంతు చేసింది. పి. పుల్లయ్య గారు 1939లోనే వెంకన్న కథను సినిమాగా తీశారు. మళ్లీ 1960లో ఎన్.టి. రామారావు వేంకటేశ్వరుడిగా శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం తీశారు. అందులో తెర మీద కూర్చుని స్వామి ముందు పాడిన గాయకుడు ఘంటసాల. ఆయన పూర్తి పేరు? ఘంటసాల వెంకటేశ్వరరావు. వెంకటేశ్వరరావు వచ్చి వేంకటేశ్వరుడికి పాడాడన్నమాట. ఆ తర్వాత 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రికార్డు వచ్చింది. మన రేడియోకీ ఆ పుణ్యంలో వాటా ఉంది. తెల్లవారుజామున కాఫీ హోటల్లో, గుడి మైకులో, పక్కింటి కిటికీలో ఒకటే గొంతు.

ఆ రోజుల్లోనే పేరు రంగు కొంచెం మారింది. వెంకటేశ్వర్లు అనే పేరు పెద్దవాళ్ల పేరులా, పాతగా అనిపించడం మొదలుపెట్టింది. పట్నంలో చదువుకున్న తండ్రులకు పొట్టి పేరు కావాలి. దేవుణ్ణి మార్చే ధైర్యం లేదు. అందుకని శ్రీనివాస్ వచ్చాడు. దేవుడు ఆయనే, పేరు కొత్తది. నాకు గుర్తున్న ఏ తరగతి గదిలోనూ ఒక్క శ్రీనివాసుతో సరిపోలేదు. పొడుగు శ్రీను, పొట్టి శ్రీను, బస్టాండు శ్రీను. సినిమా హీరోల పాత్రలకు కూడా ఎన్నాళ్లో శ్రీనుయే దిక్కయ్యాడు. వెంకటేశ్వర్లు కొడుకు శ్రీనివాసు, శ్రీనివాసు కొడుకు వెంకట సాయి ఏదో. మీ ఇంటి వంశవృక్షం తీసి చూడండి, మూడు తరాల్లో ఇలాంటి మెట్టు ఒకటి కనబడకపోతే నన్ను అడగండి.

సరే, ఇప్పుడు 'వి' దగ్గరికి వద్దాం.

సి.వి. రామన్ సంగతి చూడండి. ఆయన పుట్టింది తిరుచిరాపల్లిలో, 1888లో. చిన్నప్పుడు పెరిగింది మన విశాఖపట్నంలో. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. ఏ.వి.ఎన్. అంటే ఏమిటో తెలుసా? అంకితం వెంకట నరసింగరావు. అక్కడా ఒక 'వి' ఉంది. సరే, రామన్‌కి ఇంట్లో పెట్టిన పేరు వెంకటరామన్. ఒకే మాట. అది ఎప్పుడో మధ్యలో విడిపోయి వెంకట, రామన్ అని రెండు మాటలైంది. తండ్రి పేరు చంద్రశేఖరన్‌లో మొదటి అక్షరం ముందుకొచ్చింది. వెంకట కుదించుకుపోయి 'వి' అయింది. చివర రామన్ మిగిలాడు. లోకానికి ఆయన రామన్. ఆయన కనిపెట్టింది రామన్ ఎఫెక్ట్. ఒక చిన్న ఖాళీ పడేసరికి సగం పేరు ఇనిషియల్లోకి వెళ్లిపోయింది. లేకపోతే పిల్లలు వెంకటరామన్ ఎఫెక్ట్ అని చదువుకునేవాళ్లు.

మరో నోబెల్ శాస్త్రవేత్త ఉన్నారు. 2009లో రసాయన శాస్త్రంలో బహుమతి వచ్చింది. ఆయనది ఉల్టా కథ. తండ్రి పేరు రామకృష్ణన్. ఈయన సొంత పేరు వెంకట్రామన్. విదేశాల్లో చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటారు కాబట్టి, తండ్రి పేరే ఈయన ఇంటిపేరు అయి కూర్చుంది. స్నేహితులు మాత్రం వెంకీ అనే పిలుస్తారు. లోకమంతా వెంకీ రామకృష్ణన్ అనే అంటుంది. చూశారా, ఒకే పేరు. ఒకరిలో 'వి' అయి మాయమైంది. ఇంకొకరిలో వెంకీ అయి నిలబడింది. పేరు ఎక్కడ విరిచాం, ఏ గడిలో రాశాం అన్నదే తేడా.

మన పేర్లలో ఈ ఇనిషియల్ వ్యవహారం బళ్లూ ఆఫీసులూ తెచ్చిపెట్టింది. తెలుగువాడికి ఇంటిపేరు ముందు. తర్వాత ఇలవేల్పు పేరు. ఆ తర్వాత సొంత పేరు. మూడూ రాస్తే రిజిస్టరులో గడి చాలదు. మొదటి రెండూ ఒక్కో అక్షరం చేసేశారు. పి.వి. అయ్యాడు, కె.వి. అయ్యాడు, జి.వి. అయ్యాడు. పీవీ గారికైతే ఆ రెండక్షరాలే పేరైపోయాయి. పీవీ అని పిలిచేటప్పుడు నరసింహారావు ఎవరికీ గుర్తు రాడు. మనం పిలుస్తున్నది ఇంటిపేరునీ వెంకన్ననీ. ఇంకో మాట. ప్రతి 'వి' వెంకట కాదు సుమండీ. ఎల్.వి. ప్రసాద్ గారిలో 'వి' అంటే వర. లక్ష్మీ వరప్రసాద్. అందుకే ఊహించకూడదు, అడిగి తెలుసుకోవాలి.

ఇక మీ ఇంటికి పనికొచ్చే సంగతి. మొదట్లో చెప్పాను, మళ్లీ చెప్తున్నాను. 'వి'ని విప్పి రాయండి. అన్నిచోట్లా ఒకేలా రాయండి.

ఎందుకంటారా? ఒక రైతు ఉన్నాడనుకోండి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వెంకటేశ్వర్లు. ఊళ్లో ఎంకన్న. పట్టాదారు పాసుపుస్తకంలో వెంకటయ్య. రేషన్ కార్డులో వెంకటేశ్వరరావు. బ్యాంకు పుస్తకంలో కె.వి. రావు. బతికున్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఊరంతా ఆయన్ని ఎరుగుదురు. ఆయన పోయాక కొడుకు పొలం తన పేరు మీదికి మార్పించుకోడానికి వెళ్తాడు. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడికి ఆ ఊరు తెలీదు, ఎంకన్న తెలీదు. వీళ్లు ముగ్గురా, ఒక్కరేనా అని అడుగుతాడు. అడగడంలో అతని తప్పేమీ లేదు. కాగితాలు చూస్తే ముగ్గురే మరి. అప్పుడు మొదలవుతుంది తిరుగుడు. నోటరీ దగ్గర అఫిడవిట్, ఇద్దరు సాక్షులు, మళ్లీ రేపు రండి.

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇంకో తిప్పలు. వెంకటేశ్వర్లులో 'శ' ఉంది కదా. కొందరు ఎస్ ఒక్కటే రాస్తారు. కొందరు ఎస్ పక్కన హెచ్ పెడతారు. మన చెవికి ఇద్దరూ ఒకరే. కంప్యూటరుకు ఆ హెచ్ ఉన్నవాడు వేరే మనిషి. వెంకట పక్కన ఖాళీ వదిలి సాయి అని రాస్తే ఒకడు. ఖాళీ లేకుండా కలిపి వెంకటసాయి అని రాస్తే ఇంకొకడు. రామన్ గారి పేరులో పడిన ఖాళీ లాంటిదే. ఆయనకు ఆ ఖాళీ వల్ల నష్టమేమీ రాలేదు. మీ అబ్బాయికి పరీక్ష హాలు గుమ్మం దగ్గర రావచ్చు.

పాస్‌పోర్టు దగ్గర అయితే ఇనిషియల్ పనికిరాదు. విప్పి రాయమంటారు. అప్పుడు ఇంట్లో చర్చ మొదలవుతుంది. 'వి' అంటే వెంకటా, వీరా, వరా? తాతగారు లేరు. పదో తరగతి సర్టిఫికెట్లో 'వి' అనే ఉంది. విప్పి రాస్తే దానికి ఋజువు కావాలి. విప్పకపోతే ఫారం ముందుకు కదలదు. అమెరికా వెళ్లినవాళ్లలో కొందరి బాధ ఇంకా చిత్రం. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, రెండో గడి ఖాళీగా ఉంటే, అక్కడి వీసా కాగితాల్లో మొదటి పేరు తెలియదు అని రాస్తారు. ఇంటిపేరు, ఇలవేల్పు, తాత, ఇంతమంది పేర్లు మోస్తున్నవాడికి పేరు తెలియదట!

మరి ఏం చెయ్యాలి? కష్టమేమీ కాదు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి. అప్పటికి పేరు కుదరకపోతే కంగారు పడకండి. పేరు లేకుండానే నమోదు చేస్తారు. ఏడాదిలోపు పేరు చేరిస్తే రుసుము కూడా ఉండదు. కాబట్టి బారసాల హడావుడిలో ఏదో ఒకటి రాసెయ్యకండి. పూర్తి పేరు ఒక కాగితం మీద తెలుగులో రాయండి. పక్కన ఇంగ్లీషులో రాయండి. వెంకట ఉంటే వెంకట అని రాయండి. ఖాళీ ఎక్కడో, ఇంటిపేరు ఏ గడిలోనో ఖాయం చేసుకోండి. ఆ కాగితాన్నే పట్టుకెళ్లి చూసి రాయించండి. ఆధార్‌కి అదే, బడికి అదే, బ్యాంకుకి అదే. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం మరీ ముఖ్యం. బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకి, ఓటుకి పుట్టిన తేదీ ఋజువుగా దాన్నే చూస్తారు. మొదటి కాగితంలో పడిన 'వి' చివరి కాగితం దాకా వెంటాడుతుంది.

నా మాట కూడా ఒకటి కలుపుతాను, కోపం తెచ్చుకోకండి. ఈ మధ్య పిల్లల పేర్లు చూస్తే ముందు వెంకట ఉంటుంది. తర్వాత నాగ, సత్య, సాయి. ఆఖర్న ఎక్కడా వినని రెండక్షరాల కొత్త పేరు. పిలిచేది ఆ ఆఖరిదే. వెంకట మొక్కు తీర్చడానికి మాత్రమే. దేవుడికి మొక్కుకుని, ఆయన్ని ఒక్క అక్షరంలో దాచేస్తే ఎలాగండీ? వెంకట్ అనే పేరుకేం తక్కువ? నోరారా పిలవడానికి బాగుంటుంది. అమెరికావాళ్ల నోరు కూడా తిరుగుతుంది. పెడితే పిలవండి అంటాను నేను. పిలవకపోయినా ఫరవాలేదు, కనీసం విప్పి రాయండి.

ఈ ఏడాది పదో తరగతి చదువుతున్న పిల్లలున్న ఇళ్లకు ఆఖరిగా ఒక మాట. పరీక్షలకు ముందు బళ్లో నామినల్ రోల్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, తయారు చేస్తారు. పిల్లాడి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు అందులో ఎలా పడితే సర్టిఫికెట్లో అలాగే అచ్చవుతాయి. తప్పు దిద్దడానికి అప్పుడైతే హెడ్మాస్టరు గారి దగ్గర ఒక్క కలం చాలు. తర్వాతైతే బోర్డు ఆఫీసు దాకా వెళ్లాలి. కాబట్టి సరిచూసుకోమని మిమ్మల్ని పిలిచినప్పుడు పని మానుకునైనా వెళ్లండి. జనన ధ్రువపత్రం, ఆధార్ రెండూ వెంట తీసుకెళ్లండి. పిల్లాడి పేరు చూశాక మీ పేరు కూడా చూసుకోండి. తండ్రి పేరులో 'వి'ని చాలామంది చూడరు.